సిరాజ్‌ను చూపించి బుమ్రాను తిట్టకండి

ఇంగ్లండ్‌తో అయిదో టెస్టులో, ఓవల్ మైదానంలో సిరాజ్ బంతికి గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరిపోయిన 2025 ఆగస్టు 4 నాడే మా కార్వేటినగరంలో ఒక తీర్పు ఖరారైపోయింది. దాని మీద ఇంతవరకూ అప్పీలు లేదు. బస్టాండు దగ్గర టీ అంగట్లో గానీ, సాయంత్రం పూట స్కంద పుష్కరిణి మెట్ల మీద చేరే కుర్రాళ్ళ దగ్గర గానీ, పుత్తూరు బస్సు వెనక సీట్లో గానీ ఫాస్ట్ బౌలర్ల ఊసెత్తితే వినపడేది ఒకటే మాట. "సిరాజ్ మొగోడు సామీ. అయిదుకైదు టెస్టులూ ఆడినాడు. ఆ బుమ్రాకు మూడు ఆడేసరికే నడుము పట్టుకునింది. ఐపీఎల్లో మాత్రం పట్టుకోదు, అదేందో!"

టీ అంగడి మాటే కదా అని వదిలేద్దామంటే, అదే మాట పెద్ద నోట కూడా వచ్చింది. ఓవల్ గెలిచాక సునీల్ గావస్కర్ అన్నాడు: వర్క్‌లోడ్ అనే పదాన్ని భారత క్రికెట్ నిఘంటువులోంచి తీసిపారేయాలని. సరిహద్దులో జవాను చలేస్తోందని అంటాడా అని కూడా అడిగాడు. పదివేల పరుగులు చేసినాయన అన్నాక ఇక ఎదురు చెప్పేదెవరు? ముద్ర పడిపోయింది. బుమ్రా అంటే ఒళ్ళు దాచుకునేవాడు, సిరాజ్ అంటే ఒళ్ళు వంచేవాడు.

ఈ వాదం మొదలు నుంచి చివరిదాకా తప్పు. ఇది బుమ్రాను అవమానించినట్టు కనిపిస్తుంది గానీ అసలు దెబ్బ తగిలేది సిరాజ్‌కు.

ముందుగా, జరిగిందేమిటో చూద్దాం. బుమ్రా సిరీస్ మధ్యలో జారుకున్నాడని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. 2025 మే 24న జట్టును ప్రకటించిన రోజే, అతను అయిదు టెస్టులూ ఆడే అవకాశం లేదని చీఫ్ సెలెక్టర్ అజిత్ అగార్కర్ చెప్పాడు. ఈ కారణంగానే కెప్టెన్సీ తనకు వద్దని బోర్డుకు తానే చెప్పినట్టు బుమ్రా కూడా బయటపెట్టాడు. టెస్ట్ కెప్టెన్సీ కాళ్ళ దగ్గరకొస్తే వద్దనేవాడు ఒళ్ళు దాచుకునేవాడెలా అవుతాడు? చెప్పినట్టే లీడ్స్, లార్డ్స్, మాంచెస్టర్ ఆడాడు. ఆ మూడింటిలో దాదాపు 120 ఓవర్లు వేశాడు, 14 వికెట్లు తీశాడు. లీడ్స్‌లో ఒక అయిదు, లార్డ్స్‌లో ఒక అయిదు. ముందే చెప్పి, చెప్పిన మాట మీద నిలబడినవాణ్ణి పారిపోయాడంటున్నాం.

మరి మూడే ఎందుకు? దీనికి జవాబు అతని వెన్నులో ఉంది.

బుమ్రాను టెస్టుల్లోకి తెచ్చింది మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ నాయకత్వంలోని సెలెక్షన్ కమిటీ. 2018 జనవరిలో కేప్‌టౌన్‌లో అరంగేట్రం, మొదటి వికెట్ డివిలియర్స్. ఆ ఏడాదే 48 వికెట్లు. మరుసటి ఏడాది వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్. కోలుకున్నాడు, ఆడాడు, మళ్ళీ 2022లో అదే వెన్ను. ఆసియా కప్‌కు దూరమై, ప్రపంచకప్ దగ్గరపడుతోందని సెప్టెంబరులో తొందరపడి వచ్చాడు. ఆస్ట్రేలియాతో నాగ్‌పూర్‌లో ఒక ఎనిమిది ఓవర్ల ఆట, 25న ఉప్పల్‌లో ఇంకొకటి. ఉప్పల్ మ్యాచ్ అంటే మనవాళ్ళందరికీ గుర్తుండాలి. టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగింది ఆ మ్యాచ్‌కే. అంత తోపులాటలో టికెట్ సంపాదించి లోపలికి పోయినవాళ్ళు చూసింది, ఆ తర్వాత పదకొండు నెలలు కనిపించకుండా పోయిన బుమ్రాను. మూడు రోజులు తిరిగేసరికి తిరువనంతపురంలో వెన్ను మొరాయించింది. ఆ ప్రపంచకప్ పోయింది. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ జరిగింది. మళ్ళీ బంతి పట్టింది ఆగస్టులో, ఐర్లాండ్‌లో.

రెండు మ్యాచులు, అవీ టీ20లు. తొందరపడ్డందుకు కట్టిన మూల్యం అది.

ఇక ఆస్ట్రేలియా పర్యటన సంగతి. 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా అయిదు టెస్టుల్లో 151.2 ఓవర్లు, 32 వికెట్లు, వికెట్‌కు 13 పరుగులు. ఒక్క మెల్‌బోర్న్ టెస్టులోనే 53.2 ఓవర్లు వేయించారు. 200 వికెట్లు తీసేసరికి సగటు ఇరవైకి లోపల ఉన్న బౌలర్ టెస్ట్ చరిత్రలో అంతకుముందు లేడు; ఆ రికార్డు కూడా ఆ టెస్టులోనే. అప్పుడు మన టీ అంగడి ఏమంది? "ఇంకో ఓవర్ వేయించు, ఇంకో ఓవర్ వేయించు" అంది. సిడ్నీలో రెండో ఇన్నింగ్స్‌లో 162 పరుగులు కాపాడుకోవాల్సినప్పుడు బుమ్రా బౌలింగ్‌కు రాలేదు. రాలేకపోయాడు. మళ్ళీ వెన్ను. సిరీస్ 3-1తో పోయింది, ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆశా పోయింది, ఛాంపియన్స్ ట్రోఫీలో అతను లేకుండానే ఆడాల్సి వచ్చింది. ఆ సిడ్నీ తర్వాత ఆడిన మొదటి టెస్ట్ లీడ్స్‌దే. అయిదు టెస్టులు వరసపెట్టి ఆడించడమేమిటో, ఆడిస్తే ఏమవుతుందో చూసి ఆరు నెలలు కాకముందే మళ్ళీ అదే ఆడించమని మనం గోల చేశాం.

షేన్ బాండ్ మాట ఒకటుంది. న్యూజిలాండ్ తరఫున మెరుపులా వచ్చి, వెన్ను గాయాలతో 18 టెస్టులకే ఆగిపోయినవాడు. వెన్ను ఆపరేషన్ తనూ చేయించుకున్నాడు, ముంబై ఇండియన్స్‌లో బుమ్రాకు బౌలింగ్ కోచ్‌గానూ ఉన్నాడు. ఇంగ్లండ్ పర్యటనకు ముందే అతను హెచ్చరించాడు: అదే చోట మళ్ళీ దెబ్బ తగిలితే కెరీరే ముగిసిపోవచ్చు, వరసగా రెండు టెస్టులకు మించి ఆడించవద్దు అని. ఆ బాధ పడ్డవాడి మాట వినాలా, పడనివాడి మాట వినాలా?

ఇక్కడ మా ప్రాంతపు వైద్యం సంగతి ఒకటి చెప్పుకోవాలి. పుత్తూరు కట్టు తెలియని తెలుగువాడు తక్కువ. పుత్తూరు పక్కన రాచపాళెంలో ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించే కట్టు కోసం రాష్ట్రాలు దాటి వస్తారు. మాకది పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరం. చెట్టు మీంచి పడ్డా, బైకు మీంచి పడ్డా ముందు అక్కడికే. అందుకని మా ఊళ్ళో ఎముక మాట వస్తే ప్రతివాడూ సగం వైద్యుడే. "మూడు కట్లు వేయిస్తే బుమ్రా నెలలో పరిగెత్తడా?" అని నన్నే నిలదీశారు. పరిగెత్తడు. చెయ్యి విరగడం ఒక్క క్షణంలో జరిగే పని. విరిగిన రెండు ముక్కల్ని సరిగ్గా కూర్చి కదలకుండా బిగిస్తే ఎముక అతుక్కుంటుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అట్లా రాదు. బంతి వదిలే ముందు ఫాస్ట్ బౌలర్ ముందుకాలు నేలను తాకినప్పుడు ఒంటి బరువుకు అయిదారు రెట్లకు పైగా భారం ఆ కాలి గుండా నడుముకు ఎక్కుతుంది. అదే క్షణంలో నడుము పక్కకు వంగి, మెలితిరిగి ఉంటుంది. కుడిచేతి బౌలర్‌కైతే వెన్ను అడుగున ఎడమ పక్కనున్న సన్నని ఎముక ఆ దెబ్బ తింటుంది. ఒక్క బంతికి ఏమీ కాదు. వెయ్యి బంతులకూ కాకపోవచ్చు. ఎముకకు తనను తాను బాగుచేసుకునే వ్యవధి దొరికితే ఎప్పటికీ ఏమీ కాదు. ఆ వ్యవధి దొరకనప్పుడు వెంట్రుకంత చీలిక పుడుతుంది. దానికి కట్టు లేదు, పసరు లేదు. దానికున్న మందు బౌలింగ్ ఆపడమే. మనం వెక్కిరించే వర్క్‌లోడ్ అంటే ఈ మందును రోగం రాకముందే వేయడం.

పైగా బుమ్రా బౌలింగ్ తీరు వేరు. అతను నాలుగడుగులు నడిచి, నాలుగడుగులు ఉరికి, బంతి వేస్తాడు. పరుగు నుంచి వచ్చే ఊపు తక్కువ గనక వేగమంతా భుజం నుంచి, నడుము నుంచి పిండుకోవాలి. ముందుకాలు కర్రలా బిగుసుకుని ఉంటుంది. వెస్టిండీస్ దిగ్గజం మైకేల్ హోల్డింగ్ ఈ శరీరం ఎంతకాలం తట్టుకుంటుందోనని 2020లోనే సందేహపడ్డాడు. సిరాజ్ దూరం నుంచి పరుగెత్తి వస్తాడు, లయలో వస్తాడు, ఆ ఊపు బంతికి అందుతుంది. ఇద్దరి శరీరాలూ వేరు, పనితీరూ వేరు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టడం న్యాయం అనిపించుకోదు.

"కపిల్ దేవ్ ఎప్పుడైనా రెస్ట్ అడిగినాడా?" ఇది తర్వాతి అస్త్రం. అడగలేదు. 131 టెస్టులు ఆడాడు, గాయంతో ఒక్కటీ మానలేదు. నిజమే, అట్లాంటివాడు మనకు ఒక్కడే దొరికాడు. ఒక్కణ్ణి చూపించి మిగతావాళ్ళందరికీ సూత్రం రాస్తే ఎట్లా? మునాఫ్ పటేల్‌ను గుర్తు చేసుకోండి. 2006లో జట్టులోకి వచ్చినప్పుడు అతని వేగం చూసి మురిసిపోయాం. చూస్తుండగానే మీడియం పేసర్‌గా మారిపోయాడు, 13 టెస్టులతో సరి. వరుణ్ ఆరన్ 150 దాటించినవాడు. వెన్ను మళ్ళీమళ్ళీ చీలి 9 టెస్టులకే ఆగిపోయాడు. వీళ్ళ పేర్లు కపిల్ వాదంలో ఎవరూ ఎత్తరు. మిగిలినవాణ్ణి చూసి లెక్క వేస్తాం, రాలిపోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోం.

బయటి దేశాల్లోనూ ఇదే కథ. మన సన్‌రైజర్స్ కెప్టెన్‌గా తెలుగు కుర్రాళ్ళ నోట్లో నానిన ప్యాట్ కమిన్స్ 18 ఏళ్ళకే, 2011లో జొహానెస్‌బర్గ్‌లో మొదటి టెస్ట్ ఆడి రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. రెండో టెస్ట్ ఎప్పుడాడాడో తెలుసా? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో అయిదేళ్ళకు పైగా వెన్ను గాయాలు, కోలుకోవడాలు. ఆస్ట్రేలియా ఓపిక పట్టింది. ఆ ఓపికకు దక్కిన ఫలం ఏమిటో 2023లో మనం రెండుసార్లు చూశాం: జూన్‌లో ఓవల్‌లో టెస్ట్ ఛాంపియన్‌షిప్, నవంబరులో అహ్మదాబాద్‌లో ప్రపంచకప్. రెండింట్లోనూ కప్పు ఎత్తింది అతనే, రెండుసార్లూ ఎదుట ఉన్నది మనమే. ఓపిక పట్టకపోతే ఏమవుతుందో జోఫ్రా ఆర్చర్‌ను చూస్తే తెలుస్తుంది. 2019 నవంబరులో మౌంట్ మాంగనుయిలో ఒకే ఇన్నింగ్స్‌లో అతని చేత 42 ఓవర్లు వేయించారు. ఆ తర్వాత మోచెయ్యి, ఆ పైన వెన్ను. 2021 ఫిబ్రవరి తర్వాత మళ్ళీ టెస్ట్ ఆడింది 2025 జులైలో.

ఇక ఐపీఎల్. బుమ్రాను విమర్శించేవాళ్ళ చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే కాబట్టి దాటవేయను. 2025లో ముంబై తరఫున 12 మ్యాచులు ఆడాడు. మ్యాచ్‌కు నాలుగు ఓవర్లు. అన్నీ పూర్తిగా వేశాడనుకున్నా 48 ఓవర్లు, అదీ రెండు నెలల్లో. మెల్‌బోర్న్‌లో ఒక్క టెస్టులో వేసినవి 53.2. ఐపీఎల్ సీజన్ మొత్తం కన్నా ఒక టెస్ట్ బరువెక్కువ. "అక్కడ ఆడినవాడు ఇక్కడెందుకు ఆడడు" అనే ప్రశ్న ఈ లెక్క ముందు నిలబడదు. అయితే ఐపీఎల్ మీద నాకూ కోపముంది, అది వేరే దారిన ఉంది. జూన్ 3న ఐపీఎల్ ఫైనల్, జూన్ 20న లీడ్స్ టెస్ట్. నాలుగు ఓవర్లకు అలవాటుపడ్డ ఒంటిని పదిహేడు రోజుల తేడాలో నలభై ఓవర్లకు ఎక్కించాలి. ఫాస్ట్ బౌలర్లు కూలిపోయేది సాధారణంగా ఇట్లాంటి చోటే. మొత్తం ఓవర్ల కన్నా ఉన్నట్టుండి పెరిగిన ఓవర్లే ప్రమాదం. ఈ క్యాలెండర్ వేసింది బుమ్రా కాదు. తిట్టాల్సింది బోర్డును. కానీ బోర్డును తిడితే మజా రాదు, దానికి పోస్టర్ లేదు, ముఖం లేదు.

ఇంకో వింత వాదం: బుమ్రా ఆడినవి ఓడాం, ఆడనివి గెలిచాం, కాబట్టి అతను లేకపోతేనే మంచిది. ఇంగ్లండ్‌లో లీడ్స్, లార్డ్స్ ఓడి మాంచెస్టర్ డ్రా చేసుకున్నాం. ఎడ్జ్‌బాస్టన్, ఓవల్ గెలిచాం. అంకెలు నిజమే. లీడ్స్ ఎందుకు ఓడాం? మొదటి ఇన్నింగ్స్‌లో 41 పరుగులకు చివరి ఏడు వికెట్లు, రెండో ఇన్నింగ్స్‌లో 31 పరుగులకు చివరి ఆరు. దానికి తోడు చేతిలో పడ్డ క్యాచులు నేలపాలు. లార్డ్స్‌లో 193 పరుగులు కొట్టలేక 170కి కుప్పకూలాం. ఎడ్జ్‌బాస్టన్ ఎందుకు గెలిచాం? కెప్టెన్ గిల్ 269, 161 కొట్టాడు. ఆకాశ్ దీప్ పది వికెట్లు తీశాడు. ఇందులో బుమ్రా పాపం ఏ మూల ఉందో చూపించండి. గుమ్మం దాటేటప్పుడు తుమ్మినవాడి మీద పొలం ఎండిన నేరం మోపే బాపతు లెక్క ఇది.

ఒక చోట మాత్రం విమర్శకులతో కలుస్తాను. ఏ మూడు టెస్టులు ఆడించాలన్నది చర్చించదగ్గ విషయం. లీడ్స్ తర్వాత వారం విరామం ఉన్నా, సిరీస్‌లో వెనకబడి ఉన్నా, ఎడ్జ్‌బాస్టన్‌లో అతన్ని కూర్చోబెట్టి లార్డ్స్‌కు దాచుకున్నారు. రవిశాస్త్రి అప్పుడే మండిపడ్డాడు. ఆకాశ్ దీప్ పుణ్యమా అని బయటపడ్డాం గానీ, ఓడిపోయి ఉంటే ఆ నిర్ణయాన్ని సమర్థించడం కష్టమయ్యేది. ప్రతి టెస్టుకు ముందూ ఆడతాడో లేదో తేల్చకుండా కోచింగ్ బృందం నాన్చిన తీరూ బాగాలేదు. చెప్పాల్సింది సూటిగా చెప్పి ఉంటే ఊళ్ళలో ఇన్ని పుకార్లు పుట్టేవి కావు. అయినా ఇది ఎప్పుడు ఆడించాలన్న వాదన. మనవాళ్ళు మాత్రం దాన్ని దేశభక్తి పరీక్ష చేసి కూర్చున్నారు.

దేశభక్తి అన్నాం కాబట్టి గావస్కర్ జవాను దగ్గరికి వద్దాం. సెలవు మీద ఇంటికొచ్చిన ఆర్మీ మనిషి మీ ఊళ్ళో ఉంటే అడిగి చూడండి. సియాచిన్ ఎత్తయిన పోస్టుల్లో ఒకే జవానును ఏళ్ళ తరబడి ఉంచరు. సుమారు మూడు నెలలకు దించి, ఇంకొకరిని ఎక్కిస్తారు. ఎందుకంటే ఎంత ధైర్యవంతుడికైనా ఊపిరితిత్తులు ఊపిరితిత్తులే అని సైన్యానికి తెలుసు. ఎవరిని ఎన్నాళ్ళు పైన ఉంచాలో లెక్కగట్టడంలో సైన్యాన్ని మించినవాళ్ళు లేరు. వర్క్‌లోడ్ మేనేజ్‌మెంట్‌కు వ్యతిరేకంగా తెచ్చిన ఉదాహరణే దానికి సాక్ష్యం చెబుతోంది.

మాంచెస్టర్‌లో రిషభ్ పంత్ విరిగిన పాదంతో బ్యాటింగ్‌కు వచ్చాడు కదా అని కూడా అంటారు. వచ్చాడు, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ కుంటుతూ క్రీజులో నిలబడి ఇరవై పరుగులు జోడించవచ్చు. కుంటుతూ ఇరవై ఓవర్లు ఎవరూ వేయలేరు. 2011లో లార్డ్స్ టెస్ట్ మొదటి రోజే జహీర్ ఖాన్ 13.3 ఓవర్లు వేసి తొడ పట్టుకుని బయటికి పోయాడు. మిగిలినవాళ్ళ మీద భారం పడింది, సిరీస్ 4-0. ఫాస్ట్ బౌలర్ సగంలో కూలితే పదకొండు మందిలో ఒకడు తగ్గడంతో ఆగదు, మిగతా ఇద్దరు ముగ్గురి నడుములూ పణంగా పెట్టాల్సి వస్తుంది.

గావస్కర్ మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. అయితే ఆయన ఆడిన తొలి రోజుల్లో మన జట్టులో కొత్త బంతి పని ఏమిటి? మెరుపు పోగొట్టి స్పిన్నర్లకు అందించడం. మన హైదరాబాదీ సయ్యద్ అబిద్ అలీ నాలుగు ఓవర్లు వేసి బంతిని బేడీకో ప్రసన్నకో ఇచ్చేవాడు. ఒకోసారి గావస్కరే కొత్త బంతి అందుకున్నాడు! అదే హైదరాబాద్ నుంచి దేవరాజ్ గోవిందరాజ్ అనే నిఖార్సయిన ఫాస్ట్ బౌలర్ 1971లో వెస్టిండీస్, ఇంగ్లండ్ రెండు పర్యటనలకూ పోయాడు. ఒక్క టెస్టూ ఆడించలేదు. ఫాస్ట్ బౌలర్‌ను ఎట్లా వాడుకోవాలో ఆ తరానికి అవసరం పడలేదు, అంతే.

ఇప్పుడు సిరాజ్ దగ్గరికి. అసలు నా కడుపుమంట ఇక్కడ.

ఇంగ్లండ్‌లో సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు. 1113 బంతులు, 23 వికెట్లు. ఆ ఘనతను ఎవరూ తగ్గించలేరు. కానీ మనం అతన్ని పొగిడే తీరు చూడండి: "గొడ్డులా కష్టపడతాడు. ఆటో నడిపినాయన కొడుకు, కష్టం తెలిసినోడు." బుమ్రాది కళ, సిరాజ్‌ది చెమట! చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, బడిలో పనిచేసే తల్లి పెంపకంలో పెరిగిన బుమ్రాకు కష్టం తెలియదా? ఆ మాట అటుంచండి. సిరాజ్ చేతిలో ఉన్న విద్యను ఈ పొగడ్త తుడిచేస్తోంది.

ఓవల్‌లో మూడో రోజు ఆఖరి ఓవర్ చూసినవాళ్ళు గుర్తు చేసుకోండి. క్రీజులో జాక్ క్రాలీ. గిల్, సిరాజ్ మాట్లాడుకుని ఒక ఫీల్డర్‌ను డీప్ స్క్వేర్ లెగ్‌కు పంపారు. అది చూసిన ఏ బ్యాటరైనా అనుకునేది ఒక్కటే: బౌన్సర్ వస్తోంది. సిరాజ్ పరుగెత్తి వచ్చి యార్కర్ వేశాడు. స్టంప్స్ లేచిపోయాయి, ఆట ముగిసింది. అయిదో రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు, వాటిలో ఒకటి భుజం జారిన వోక్స్‌ది. 80 ఓవర్లు దాటాక కొత్త బంతి దొరుకుతుంది; తీసుకోలేదు, ఎందుకంటే పాత బంతే సిరాజ్, ప్రసిధ్‌ల మాట వింటోంది. జేమీ స్మిత్‌కు బయటికి పోయే బంతి, కీపర్ చేతికి. ఓవర్టన్‌కు లోపలికి వచ్చే బంతి, ఎల్బీడబ్ల్యూ. ఆఖరున అట్కిన్సన్‌కు గంటకు 143 కిలోమీటర్ల యార్కర్. సిరీస్‌లో 25వ రోజు ఆడుతున్న ఒళ్ళు వేసిన బంతి అది, నిజమే. కానీ ఎక్కడ వేయాలో తెలిసిన తలకాయ వేసింది. అలుపు లేనితనం ఒక్కటే చాలితే ప్రతి గడ్డిమోపు మోసేవాడూ అయిదు వికెట్లు తీయాలి.

ఇంకో సంగతి మరిచిపోతున్నాం. సిరాజ్ ఆ 1113 బంతులు వేయగలగడానికి ముందు విశ్రాంతి తీసుకున్నాడు. తీసుకున్నాడనడం కన్నా, ఇచ్చారనాలి. ఇచ్చారనడం కన్నా, కూర్చోబెట్టారనాలి. ఛాంపియన్స్ ట్రోఫీకి అతన్ని ఎంపిక చేయలేదు. జనవరిలో సిడ్నీ తర్వాత జూన్‌లో లీడ్స్ దాకా అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటీ లేదు. ఐపీఎల్‌లో గుజరాత్‌కు నాలుగేసి ఓవర్లు, మధ్యలో హైదరాబాద్‌కు రంజీ. అవమానంగా వచ్చినా, ఆ అయిదు నెలలూ అతని నడుముకు, మోకాళ్ళకు దొరికిన వ్యవధి. వర్క్‌లోడ్ సిద్ధాంతాన్ని సిరాజ్ చిత్తు చేశాడని చాటేవాళ్ళకు చెబుతున్నా: విశ్రాంతి దొరికిన ఫాస్ట్ బౌలర్ ఏం చేయగలడో సిరాజే రుజువు చేశాడు.

సిరాజ్‌కు కూడా ఈ పోలిక నచ్చలేదు. వెన్నుకు అంత పెద్ద ఆపరేషన్ అయినవాడి గురించి ఇట్లా మాట్లాడటం సరికాదన్న అర్థం వచ్చేలా బుమ్రా తరఫున అతనే వకాల్తా పుచ్చుకున్నాడు. మనం మాత్రం అతని పేరు చెప్పి అతని అన్ననే కొడుతున్నాం. అన్నట్టు, ఓవల్‌లోనే నాలుగో రోజు 19 పరుగుల మీదున్న బ్రూక్ క్యాచ్ పట్టి సిరాజ్ బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 దాకా పోయాడు. ఆ 92 పరుగులకు ఆ రాత్రి ఇదే టీ అంగట్లో సిరాజ్‌ను ఏమన్నారో ఇక్కడ రాయలేను. తెల్లారి మధ్యాహ్నానికి దేవుడయ్యాడు. రేపు అతని వెన్నో మోకాలో మొరాయించి ఒక టెస్ట్ మానితే, ఇంకో కొత్త పేరు చూపించి ఇతన్నీ ఇట్లాగే తిడతారు. ఆ రోజు రాకూడదనే ఇదంతా.

ఫాస్ట్ బౌలర్ల ఎంపిక గురించి గొంతు చించుకోవాలంటే చించుకోవలసింది వేరే ఉంది. మాంచెస్టర్ టెస్టుకు అర్ష్‌దీప్ చేతికి గాయం, ఆకాశ్ దీప్‌కు గజ్జల్లో గాయం, మన నితీశ్ కుమార్ రెడ్డికి మోకాలు. అన్షుల్ కంబోజ్‌ను ఇండియా నుంచి పిలిపించి అరంగేట్రం చేయించారు. రంజీలో ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లు తీసిన కుర్రాడు; ఇక్కడ అతని వేగం 120లలో తిరిగింది, 18 ఓవర్లలో 89 పరుగులు, ఒక్క వికెట్. ఇంగ్లండ్ 669 కొట్టింది. మనవాళ్ళు ఆ కుర్రాణ్ణి ఉతికి ఆరేశారు. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు: అయిదు టెస్టుల సిరీస్‌కు రోజుకు ఇరవై ఓవర్లు వేయడానికి ఒళ్ళు సిద్ధంగా ఉన్న ఫాస్ట్ బౌలర్లు మన దగ్గర ఎంతమంది? జట్టులో ముగ్గురు ఆడాలంటే వెనక మరో నలుగురు తయారుగా ఉండాలి. ఆ నలుగురు ఉంటే బుమ్రా మూడు ఆడినా ఎవరికీ బెంగ లేదు, సిరాజ్ నాలుగు ఆడినా బెంగ లేదు.

ఆ నలుగురు ఎక్కడి నుంచి రావాలి? మన దగ్గర్నుంచీ రావచ్చు. మా కార్వేటినగరానికి విశాఖ కన్నా, ఉప్పల్ కన్నా చెన్నై దగ్గర. ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ 1987లో మొదలైంది అక్కడే. ఏళ్ళ తరబడి దాన్ని నడిపిన డెన్నిస్ లిల్లీ, 1973లో వెన్ను చీలి, నెలల తరబడి ఆగి, బౌలింగ్ తీరు దిద్దుకుని మళ్ళీ ప్రపంచాన్ని వణికించినవాడు. మూడు గంటల దారిలో అంత పాఠం ఉన్నా మన ఊళ్ళకు చేరలేదు. సంక్రాంతి టోర్నమెంట్లు చూడండి. కాస్త వేగంగా వేసే పదహారేళ్ళ పిల్లవాడు దొరికితే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మ్యాచ్ మీద మ్యాచ్ వాడి చేతే వేయిస్తారు. గట్టి నేల, కాళ్ళకు చెప్పుల కన్నా కొంచెం నయమైన బూట్లు. రెండేళ్ళు తిరిగేసరికి వాడు చెయ్యి పైకెత్తలేక పక్కనుంచి విసురుతుంటాడు, ఆ పైన బ్యాట్స్‌మన్ అయిపోతాడు. ఇంగ్లండ్‌లో పిల్లల ఫాస్ట్ బౌలర్లు ఒక స్పెల్‌లో ఎన్ని, ఒక రోజులో ఎన్ని ఓవర్లు వేయవచ్చో వయసుల వారీగా బోర్డే హద్దు గీసింది. మనకు అట్లాంటి కాగితం ఒకటుంటుందనే తెలియదు.

బుమ్రా ఎన్ని టెస్టులు ఆడాలో తేల్చే అధికారం టీ అంగడికి లేదు. మన ఊరి పిల్లవాడు రోజుకు ఎన్ని ఓవర్లు వేయాలో తేల్చే అధికారం మాత్రం ఉంది. వచ్చే సంక్రాంతికి టోర్నమెంటు పెట్టే కమిటీ పెద్దలకు నా విన్నపం ఇదే: ఇరవై ఏళ్ళలోపు ఫాస్ట్ బౌలర్ ఎవరూ ఒక రోజులో రెండు మ్యాచులకు మించి బంతి పట్టకూడదని నిబంధన రాసి, కరపత్రంలో ప్రైజు మనీ పక్కనే అచ్చు వేయించండి.